పేరు పెట్టినవాళ్లు, అక్కడ ఉన్నవాళ్లు

కొరియాకూ జపాన్‌కూ మధ్య సముద్రంలో రెండు రాతి దీవులు ఎదురుబొదురుగా నిలబడి ఉన్నాయి. పడమటిది 168 మీటర్ల ఎత్తున్న కొండ. తూర్పుది వంద మీటర్లకు కాస్త తక్కువ. చుట్టూ మరో తొంభై దాకా చిన్నాచితకా రాళ్లు నీళ్లలోంచి తలలెత్తి ఉంటాయి. అన్నిటినీ కలిపి కొలిస్తే 46 ఎకరాలు. అగ్నిపర్వతం పోసిన రాయి కాబట్టి దున్నడానికీ విత్తడానికీ పనికిరాదు. తాగేనీళ్లు ఊరేది పడమటి దీవిలో ఒక్క చోటే. కొరియాకు చెందిన ఉల్లుంగ్దో దీవి ఇక్కడికి 87 కిలోమీటర్లు. జపాన్ వైపు ఓకీ దీవులు 157 కిలోమీటర్లు.

మన ఊళ్లో కూర్చుని ఫోన్లో గూగుల్ మ్యాప్ తెరిస్తే ఈ చోటు దగ్గర లియాంకోర్ట్ రాక్స్ అని ఉంటుంది. దక్షిణ కొరియాలో తెరిచినవాళ్లకు దోక్దో. జపాన్‌లో తెరిచినవాళ్లకు తకెషిమా. చూసేవాడు ఏ దేశంలో ఉన్నాడన్నదాన్ని బట్టి రాయి పేరు మారిపోతుంది.

ఈ దీవి గురించి దొరికిందల్లా చాలాకాలంగా చదువుతున్నాను. ఇది ఎవరిది అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టాను. రెండు వైపుల వాదనలూ చదివిన కొద్దీ వేరే ప్రశ్న ఒకటి నన్ను పట్టుకుంది. ఒక చోటుకు పేరు పెట్టే హక్కు ఎవరికి, దేనివల్ల వస్తుంది? దూరం నుంచి చూసి పోయినవాడికా, కాగితం మీద రాసుకున్నవాడికా, అక్కడ బతికినవాడికా? ఈ రాళ్ల చరిత్రలో మొదటి రెండు రకాల వాళ్ల పేర్లూ పదిలంగా ఉన్నాయి. మూడో రకం వాళ్ల గురించి అడిగే నాథుడు లేడు.

చూసి పోయినవాళ్లతో మొదలుపెడతాను. 1849లో లియాంకోర్ట్ అనే ఫ్రెంచి ఓడ తిమింగలాల వేటకు ఇటు వచ్చి, ఈ రాళ్లకు గుద్దుకోబోయి తప్పించుకుంది. ఓడ పేరే రాళ్లకు అంటుకుంది. 1854లో రష్యా యుద్ధనౌక ఒలివుత్స వచ్చింది. ఒక దీవికి తన పేరే పెట్టుకుని, రెండోదానికి ఇంకో పేరు పెట్టింది. మరుసటి ఏడు బ్రిటిష్ నౌక హార్నెట్ వచ్చి తన పేరు పెట్టింది. ఆరేళ్లలో మూడు దేశాలు, నాలుగు పేర్లు. వాళ్లెవరూ అక్కడ కాపురం పెట్టడానికి వచ్చినవాళ్లు కారు. ఓడ నడిపేవాడికి రాయి ఎక్కడుందో తెలియడం ప్రాణావసరం కాబట్టి పటంలో గుర్తు పెట్టుకున్నారు. అంతవరకూ తప్పు పట్టడానికేమీ లేదు.

చిక్కంతా పటాల్లోని పొరపాటుతో వచ్చింది. 1787లో ఫ్రెంచి నావికుడు లా పెరూజ్ ఉల్లుంగ్దోను చూసి, తన ఓడలో ఉన్న ఖగోళ శాస్త్రజ్ఞుడు దజెలే పేరు దానికి పెట్టాడు. కొన్నేళ్ల తర్వాత ఇంగ్లిషువాడు కోల్నెట్ అదే దీవిని చూసి తన ఓడ పేరు ఆర్గొనాట్ అని రాసుకున్నాడు. రాసుకునేటప్పుడు లెక్క తప్పి, దీవిని ఉన్నచోట కాకుండా మరోచోట గుర్తించాడు. దాంతో యూరప్ పటాల్లో ఒక్క దీవి రెండయింది. దజెలే నిజమైన దీవి. ఆర్గొనాట్ అనే దీవి లేనే లేదు.

అప్పటికి జపాన్‌లో రెండు పాత పేర్లు వాడుకలో ఉన్నాయి. ఉల్లుంగ్దోను తకెషిమా అనేవారు, అంటే వెదురు దీవి. మనం చెప్పుకుంటున్న రాళ్లను మత్సుషిమా అనేవారు. జపాన్‌లో కొంతకాలం గడిపిన జర్మన్ వైద్యుడు సీబోల్ట్ 1840లో ఒక పటం అచ్చువేశాడు. అతని దగ్గర జపాన్ పేర్లు రెండున్నాయి, యూరప్ పటంలో దీవులు రెండున్నాయి. జత చేసేశాడు. లేని ఆర్గొనాట్‌కు తకెషిమా పేరు పోయింది. నిజమైన ఉల్లుంగ్దోకు మత్సుషిమా పేరు వచ్చింది. కొన్నేళ్లకు ఆర్గొనాట్ లేదని తేలి, పటాల్లోంచి దాన్ని తీసేశారు. ఆ పటాలే జపాన్‌కు తిరిగొచ్చేసరికి అక్కడి అధికారులకే ఏ పేరు ఏ దీవిదో తెలియని పరిస్థితి వచ్చింది. చివరికి 1905లో, ఖాళీగా మిగిలిపోయిన తకెషిమా అన్న పేరును ఈ రాళ్లకు పెట్టారు. ఇక్కడ ఒక్క వెదురు మొక్క లేదు. వెదుళ్లుండే దీవి పేరు, లేని దీవి మీదుగా ప్రయాణం చేసి ఇక్కడ దిగింది.

ఈ ఉదంతం తెలిశాక, "ఈ పేరు ప్రాచీనం కాబట్టి దీవి మాది" అనే వాదన ఎవరు చేసినా నాకు నమ్మకం కుదరదు. ఇందులో కొరియాకూ మినహాయింపు లేదు. క్రీ.శ. 512లో శిల్లా రాజ్యం ఉసాన్ రాజ్యాన్ని లొంగదీసుకుందని 12వ శతాబ్దపు చరిత్ర గ్రంథం చెబుతుంది. ఉసాన్, మురుంగ్ అనే రెండు దీవులు ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఒకదానికొకటి కనిపిస్తాయని 1454 నాటి రాజ్య భూగోళ వివరణలో ఉంది. ఆ ఉసాన్ ఈ రాళ్లేనని కొరియా అంటుంది, కాదని జపాన్ అంటుంది. ఒక్క మాట మాత్రం నిలుస్తుంది. ఉల్లుంగ్దో కొండ మీద నిలబడితే నిర్మలమైన రోజున ఈ రాళ్లు కంటికి ఆనతాయి. ఓకీ దీవుల నుంచి ఆనవు. కనిపించినంత మాత్రాన సొంతమైపోదు గానీ, తరతరాల జాలరి కన్ను ఎటు తిరిగి ఉంటుందో దీనివల్ల తెలుస్తుంది.

కాగితాల సంగతికొస్తే, ఇక్కడ కొంచెం నిదానించాలి. 1900 అక్టోబరు 25న కొరియా సామ్రాజ్యం 41వ నంబరు రాజశాసనం జారీచేసి ఉల్లుంగ్దోను ఒక జిల్లాగా ఏర్పరచింది. ఆ జిల్లా కిందికి జుక్దో, సొక్దో అనే దీవులు కూడా వస్తాయని రాసింది. సొక్దో అంటే రాతి దీవి. ఉల్లుంగ్దోకు వలసవచ్చిన దక్షిణాది జాలర్ల యాసలో రాయిని దోక్ అనేవారు కాబట్టి సొక్దో, దోక్దో ఒకటేనని కొరియా వాదన. శాసనంలో దోక్దో అని సూటిగా లేదు కదా అని జపాన్ ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. శాసనం రాసిన గుమస్తా అక్షాంశ రేఖాంశాలు కూడా రాసి ఉంటే ఈ వందేళ్ల తగవు సగం తెగిపోయేది.

నాలుగేళ్ల తర్వాత, 1904 సెప్టెంబరులో, నకాయ్ యోజబురో అనే జపాన్ వ్యాపారి టోక్యోలో ఒక అర్జీ పెట్టుకున్నాడు. ఈ రాళ్ల మీద సీ లయన్లు వేల సంఖ్యలో పిల్లలు పెడుతున్నాయి, వాటిని వేటాడే హక్కు తనొక్కడికే కావాలి, అందుకు దీవిని జపాన్‌లో కలిపి తనకు కౌలుకివ్వాలి. అర్జీలో అతను దీవిని ఏమని పిలిచాడు? తకెషిమా అని కాదు. ర్యాంకో దీవి అని. లియాంకోర్ట్ జపాన్ జాలర్ల నోట్లో నలిగి ర్యాంకో అయింది. తమ పూర్వీకుల నుంచి తమదేనని ఇప్పుడు చెప్పుకుంటున్న దీవిని సొంతం చేసుకోమని అడిగిన మనిషి, దాన్ని ఒక ఫ్రెంచి ఓడ పేరుతో పిలిచాడు. పైగా అది కొరియాకు చెందినదనుకుని మొదట కొరియా ప్రభుత్వాన్నే అడగాలనుకున్నానని నకాయ్ తర్వాతి కాలంలో తన చేతిరాతలో చెప్పుకున్నాడు. ఆ రాతకు అంత విలువ ఇవ్వనక్కర్లేదని జపాన్ అంటుంది. నేను ఇస్తాను. తన వ్యాపారం గురించి రాసుకునేవాడికి ఈ విషయంలో అబద్ధమాడే అవసరం కనిపించదు.

1905 జనవరి 28న జపాన్ మంత్రివర్గం, ఈ దీవిని మరే దేశమూ ఆక్రమించిన ఆనవాలు లేదని తీర్మానించి కలిపేసుకుంది. ఫిబ్రవరి 22న షిమానే అనే జపాన్ ప్రిఫెక్చర్ (రాష్ట్రం లాంటి పాలనా విభాగం) 40వ నంబరు ప్రకటన వెలువరించింది. తకెషిమా అన్న పేరు ఈ రాళ్లకు అధికారికంగా పడింది అప్పుడే. అది రష్యా జపాన్ యుద్ధం నడుస్తున్న కాలం. కొరియా నేల మీద జపాన్ సైన్యం ఉంది. ఆ మే నెలలో రష్యా నౌకాదళంలో మిగిలిన ఓడలు లొంగిపోయింది ఈ రాళ్ల దగ్గరలోనే. ఆగస్టులో జపాన్ నౌకాదళం ఇక్కడ కావలి బురుజు కట్టింది. నవంబరులో కొరియా విదేశాంగ వ్యవహారాలు జపాన్ చేతికి పోయాయి.

మరుసటి ఏడు మార్చిలో షిమానే అధికారుల బృందం ఉల్లుంగ్దోకు వచ్చి, దోక్దో రాళ్లు ఇప్పుడు మా ప్రిఫెక్చర్‌లో ఉన్నాయి అని మాటల్లో మాటగా చెప్పింది. విన్నవాడు జిల్లా అధికారి షిమ్ హంగ్‌తేక్. వెంటనే పైకి నివేదిక పంపాడు. "మా జిల్లాకు చెందిన దోక్దో" అని అందులో రాశాడు. సియోల్ నుంచి జవాబు వచ్చింది. ఆ మాట నిరాధారం, విచారించి మళ్లీ తెలియజేయి అని. అంతే. అభ్యంతరం చెప్పడానికి అప్పటికి కొరియాకు విదేశాంగ శాఖే లేదు. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు కాబట్టి దీవి మాదైంది అనే వాదన విన్నప్పుడల్లా నాకు ఈ జిల్లా అధికారి గుర్తొస్తాడు. తన చేతిలో ఉన్న పని తను చేశాడు. అతని గొంతు పైకి వినిపించే దారి ముందే మూసుకుపోయింది.

ఇంకో తిరకాసు ఉంది. 17వ శతాబ్దం నుంచే మాదని జపాన్ ఇప్పుడు అంటుంది. యోనాగో పట్టణపు రెండు వర్తక కుటుంబాలు ఉల్లుంగ్దోకు వెళ్తూ ఈ రాళ్ల దగ్గర ఆగేవని చూపిస్తుంది. అది నిజమే. కానీ ముందే తమదైతే 1905లో ఎవరిదీ కాని దీవి అని తీర్మానం చేయడం దేనికి? 1877లో జపాన్ అత్యున్నత పాలకమండలి, తకెషిమా అనే దీవికీ మరో దీవికీ మన దేశంతో సంబంధం లేదని తెలుసుకోవాలి అని షిమానేకు ఆదేశం పంపింది. ఆ మరో దీవి ఏదన్నది ఇప్పటికీ వాదులాటే. పేర్లు కలగాపులగమైన ఫలితం ఇక్కడా అడ్డొస్తుంది.

అంతర్జాతీయ న్యాయం ఇలాంటి తగవుల్లో పేరును పెద్దగా పట్టించుకోదు. అనుభవం ఎవరిదని అడుగుతుంది. గోదావరి లంకల్లో వరద తీశాక మేట వేసిన ఒండ్రు ఏ ఊరిదని పోట్లాట వచ్చినప్పుడు రెవెన్యూవాళ్లు ఏమడుగుతారో అదే. సాగు ఎవరు చేశారు, శిస్తు ఎవరు కట్టారు, అడంగల్‌లో ఎవరి పేరుంది? మరి పంట పండని ఈ రాళ్ల మీద స్వాధీనానుభవం రుజువు చేయడం ఎలా? జపాన్ చూపించే ప్రధానమైన రుజువు సీ లయన్ల వేట. వేటకు లైసెన్సులు ఇచ్చాం, ప్రభుత్వ భూమి వాడుకున్నందుకు రుసుము వసూలు చేశాం, కాబట్టి అక్కడ మా పాలన నడిచింది అని జపాన్ విదేశాంగ శాఖ ఇప్పటికీ తన ప్రచురణల్లో చెబుతుంది.

నేను ఆగిపోయింది ఇక్కడే. ఆ జంతువు గురించి చెప్పాలి.

మగ సీ లయన్ రెండున్నర మీటర్ల పొడవు పెరిగేది. ముదురు రంగు ఒళ్లు. ఆడది అందులో మూడింట రెండు వంతులు, లేత రంగు. కొరియాలో గాంగ్చి అనేవారు. ఓకీ జాలర్లు మెచి అనేవారు. శాస్త్రజ్ఞులు జలోఫస్ జపోనికస్ అని పెట్టారు. చూశారా, దీనికి కూడా మూడు పేర్లు, అందులో ఒక దేశం పేరు. ఏటా వేసవి ముందు ఇవి ఈ రాళ్ల మీదికి చేరి, ఈని, పిల్లలకు పాలిచ్చేవి. నీళ్లలో కదిలినంత వేగంగా నేల మీద కదలలేవు. తల్లులు మేతకు సముద్రంలోకి పోయినా పిల్లలున్న ఒడ్డుకే తిరిగొచ్చేవి. వేటగాడికి ఇంతకంటే ఏం కావాలి? వలలు, తుపాకులు, దుడ్డుకర్రలు. చర్మం తోలుకు, కొవ్వు నూనెకు, బతికి చిక్కినవి సర్కస్‌లకు. 1905లోనే నకాయ్ మరికొందరితో కలిసి ఒక కంపెనీ పెట్టాడు. ఆ శతాబ్దం మొదట్లో ఏటా వేలల్లో చిక్కినవి, పదేళ్లు తిరిగేసరికి వందలకు పడిపోయాయి. 1930లు వచ్చేసరికి పదుల్లోకి దిగాయి. 1940ల్లో వేట ఆగిపోయింది. జాలి కలిగి ఆపలేదు, వేటాడటానికి మిగలక ఆగింది.

తమ పాలనకు రుజువుగా జపాన్ చూపించే ఆ లైసెన్సు కాగితం ఈ జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోయిన దారిలో మొదటి మెట్టు. న్యాయశాస్త్రంలో అది సమర్థ పాలన. ఆ మాట రాసేవాళ్లెవరికీ పెన్ను ఆగకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. జపాన్‌లో ఈ జంతువుల మీద పిల్లల బొమ్మల పుస్తకం కూడా వచ్చింది. ఓకీ మనుషులూ సీ లయన్లూ ఎంత సన్నిహితంగా ఉండేవారో చెప్పడం దాని ఉద్దేశం, దీవి మాదే అని గుర్తుచేయడానికి. పోయిన జంతువును కూడా సాక్షి బోనులో నిలబెట్టారు.

కొరియా చేతులు శుభ్రంగా ఉన్నాయని అనలేను. 1952 జనవరి 18న అధ్యక్షుడు సింగ్మన్ రీ సముద్రంలో ఒక గీత గీసి ఈ రాళ్లను లోపలికి తీసుకున్నాడు. 1950ల నడిమి నుంచి అక్కడ కొరియా పోలీసుల కాపలా ఉంది. సీ లయన్లు చివరిసారి గుంపుగా కనిపించింది 1950ల్లోనే, కొన్ని పదులు. ఆ తర్వాత ఇక్కడ గుంపులు లేవు. ఈ రాళ్ల మీద చివరివి పోయింది కొరియా జెండా కింద. జపాన్ చంపిన లెక్క ముందు ఇది చిన్నదే. కానీ దీవిని కంటికి రెప్పలా కాచుకున్నాం అని చెప్పుకునేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఆ రోజుల్లో ఈ రాళ్ల మీద నిజంగా బతికిన మనుషులు కొందరున్నారు. జేజు దీవి నుంచి వచ్చిన హెన్యోలు. ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకు దిగి, నత్తగుల్లలూ సముద్రపు నాచూ కోసుకొచ్చే ఆడవాళ్లు. పడమటి దీవిలో నీళ్లు ఊరే ఆ ఒక్క చోటును ముల్గోల్ అంటారు. అది గుహ. రాతి పగుళ్లలోంచి నీటి బొట్లు కిందికి జారుతూ ఉంటాయి. ఆ గుహ ముంగిట గులకరాళ్ల మీద కర్రలు పరుచుకుని, పదులకొద్దీ ఆడవాళ్లు నెలల తరబడి పడుకుని పని చేసుకున్నారు. గాలి లేస్తే పడవ రాదు, పడవ రాకపోతే బియ్యం రావు. ఏ పటంలోనూ వీళ్ల పేరు లేదు. వీళ్లు దీవికి పేరు పెట్టలేదు, అప్పటికే తమ జాలర్లు పిలిచే పేరుతో పిలుచుకున్నారు.

అంతకు కొన్నేళ్ల ముందు, 1948 జూన్ 8న, ఇక్కడ నాచు ఏరుకుంటూ చేపలు పట్టుకుంటున్న కొరియా జాలర్ల మీద అమెరికా విమానాలు బాంబులు వేశాయి. ఆక్రమణలో ఉన్న జపాన్ నుంచి అమెరికా సైన్యం జారీచేసిన ఆదేశంలో ఈ రాళ్లు బాంబుల సాధనకు కేటాయించిన చోటు. డజనుకు పైగా మనుషులు చనిపోయారు. పటం చూసినవాడికి అది లియాంకోర్ట్ రాక్స్ అనే ఖాళీ గురి. పడవలో ఉన్నవాళ్లకు అది కూడు పెట్టే చోటు. పేరు పెట్టినవాడికీ ఉన్నవాడికీ మధ్య దూరం ఎంత ప్రమాదకరమో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

యుద్ధానంతరం 1951లో శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందం రాస్తున్నప్పుడు, ముసాయిదాల్లో ఈ రాళ్లు ఒకసారి కొరియాకు, మరోసారి జపాన్‌కు మారాయి. తుది పాఠంలో జపాన్ వదులుకోవలసిన కొరియా దీవులుగా మూడింటి పేర్లు రాసి, దీని పేరు వదిలేశారు. అప్పటి అమెరికా అధికారి డీన్ రస్క్ కొరియాకు రాసిన ఉత్తరం జపాన్‌కు అనుకూలంగా ఉంది. 1954లో అంతర్జాతీయ న్యాయస్థానానికి పోదామని జపాన్ అడిగింది. తగవే లేనప్పుడు కోర్టు దేనికి అని కొరియా కాదంది. 1962లోనూ అంతే. కోర్టుకు రానివాడిది బలహీనమైన కేసని అనుకోవడం తేలిక. కశ్మీర్ విషయంలో మూడోవాళ్ల జోక్యం వద్దనే దేశంలో ఉన్నవాళ్లం, ఆ మాట అనేముందు మనం కాస్త ఆలోచించాలి.

కొరియన్లకు ఇందులో ఇంత తాపం ఎందుకో నాకు పుస్తకాల కన్నా ఎక్కువగా ఒక సాయంత్రం తెలిసింది. అనంతపురంలో మా వీధిలో కొన్నాళ్లు ఒక కొరియన్ కుటుంబం అద్దెకుంది. ఆయనకు పెనుకొండ దగ్గరి కియా కర్మాగారానికి విడిభాగాలు అందించే కంపెనీలో ఉద్యోగం. వాళ్ల అబ్బాయికి ఎనిమిదేళ్లుంటాయి. ఒకరోజు మా వరండాలో కూర్చుని నాకు తమ దేశం పటం గీసి చూపించాడు. తీరం గీత వంకరటింకరగా వచ్చింది. దానికి కుడిపక్క సముద్రంలో రెండు చుక్కలు మాత్రం చాలా శ్రద్ధగా, పెన్సిలు నొక్కిపెట్టి పెట్టాడు. రాజధాని ఎక్కడని అడిగితే ఆ తర్వాత పెట్టాడు. "దోక్దో, అంకుల్, మాది" అన్నాడు చుక్కల మీద వేలుపెట్టి.

వాళ్లమ్మ నవ్వి ఊరుకుంటుందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. పొడిపొడి ఇంగ్లిషులో తన ముత్తాత గురించి చెప్పింది. ఆయన బడి రిజిస్టరులో రెండు పేర్లుండేవట. ఒకటి వాళ్ల నాన్న పెట్టినది. రెండోది 1940లో కొరియాను ఏలుతున్న జపాన్ పాలకులు తెచ్చిన చట్టం కింద పెట్టుకోవలసి వచ్చిన జపాన్ పేరు. మార్చుకోకపోతే బడిలో చేర్చుకోరు, రేషన్ దొరకదు అని భయం. ముసలితనంలో ఎవరైనా పొరపాటున ఆ రెండో పేరు ఎత్తితే ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడట. "మాకు తకెషిమా అంటే అలా వినిపిస్తుంది" అంది.

నాకు బదులు తోచలేదు. ఆ తర్వాత ఈ తగవును చేపల లెక్కలోనో సముద్రగర్భంలోని గ్యాసు లెక్కలోనో చూసేవాళ్ల మాట నాకు సగమే నిజమనిపించింది. చేపలున్నాయి, నిజమే. వేడి ప్రవాహమూ చల్లటి ప్రవాహమూ కలిసే చోటు కాబట్టి స్క్విడ్, పీతలు దొరుకుతాయి. కానీ మనుషుల పేర్లు మార్చించిన పాలన ఒక దీవి పేరు కూడా మార్చిందంటే, దీవి పేరును పట్టుకుని వేలాడటంలో ఆ మనుషుల పేర్ల బాధ కూడా ఉంటుంది. అదే సమయంలో ఎనిమిదేళ్ల పిల్లవాడు పెన్సిలును అంత గట్టిగా నొక్కడం నాకు మంచిదనిపించలేదు. 2014 నుంచి జపాన్ బడుల్లోనూ తకెషిమా మన సొంత భూభాగమని చెప్పాలన్నది నియమం. అక్కడి పిల్లలూ ఇంతే గట్టిగా నొక్కుతూ ఉంటారు. ఒకే చుక్క మీద రెండు పెన్సిళ్లు.

పేరు లేకుండా చేస్తే తగవు తీరుతుందా? ఆ ప్రయత్నమూ జరిగింది. 1998లో రెండు దేశాలూ చేపల వేటపై ఒప్పందం చేసుకున్నప్పుడు, ఈ రాళ్ల చుట్టూ ఉమ్మడి జలాలను అక్షాంశ రేఖాంశాలతో గుర్తించి ఊరుకున్నారు. ఆ జలాలను కొరియా నడిమి జలాలు అంటుంది. జపాన్ తాత్కాలిక జలాలు అంటుంది. సముద్రం పేరు మీద ఇంకో తగవు. అంతర్జాతీయ జలవివరణ సంస్థ 1920ల చివర్లో తొలిసారి సముద్రాల హద్దుల పుస్తకం వేసినప్పుడు జపాన్ సముద్రం అని రాశారు. అప్పుడు కొరియాకు నోరు లేదు. తూర్పు సముద్రం అన్న పేరు కూడా ఉండాలని కొరియా 1992 నుంచి ఐక్యరాజ్యసమితిలో అడుగుతోంది. చివరికి 2020లో ఆ సంస్థ, ఇకమీద తయారయ్యే కొత్త ప్రమాణంలో సముద్రాలను పేర్లతో కాక అంకెలతో గుర్తించాలని నిర్ణయించింది. ఓడల్లోని కంప్యూటర్లకు అది సరిపోతుంది. వల లాగే మనిషి అంకెతో పిలవడు. ఇంకో పేరు పెట్టుకుంటాడు, లేదా ఉన్న పేరునే పట్టుకుంటాడు.

మన బంగాళాఖాతంలోనే తగవు పూర్తయ్యేలోపు దీవి మాయమైన సంగతి ఒకటుంది. 1970 నవంబరు తుపాను తర్వాత హరియాభంగా నది ముఖద్వారంలో ఒక ఇసుక దీవి పైకి తేలింది. మనవాళ్లు న్యూ మూర్ అనీ పూర్బాషా అనీ అన్నారు. బంగ్లాదేశ్ సౌత్ తల్‌పట్టి అంది. 1981లో మన నౌకాదళ ఓడ వెళ్లి జెండా పాతి వచ్చింది. బంగ్లాదేశ్ గన్‌బోట్లు పంపింది. 2010లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ సముద్ర శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రాలు చూసి ఆ దీవి నీళ్లలో మునిగిపోయిందని ప్రకటించారు. 2014లో హేగ్ ట్రైబ్యునల్ సముద్ర సరిహద్దు గీసింది. దీవి ఉండిన చోటు మన వైపుకు వచ్చింది. మూడు పేర్లూ మిగిలాయి, పెట్టుకోవడానికి దీవి లేదు. అక్కడ రెండు దేశాలూ తీర్పును ఒప్పుకున్నాయి. అది చెప్పుకోదగ్గ మంచి పని. కొరియా, జపాన్‌ల మధ్య అలా జరగకపోవడానికి కారణం రాయి గట్టిది కావడం కాదు. మన ఇసుక దీవి వెనక ఎవరి తాత పేరూ మారలేదు.

ఇంతకీ ఎవరిదని నన్ను సూటిగా అడిగితే, కొరియాదే అంటాను. ప్రాచీన గ్రంథాలు చూసి కాదు, పేర్లు చూసి అంతకన్నా కాదు. 1905లో ఒక దేశం చేతులు కట్టేసి ఉన్నప్పుడు తీసుకున్నదాన్ని న్యాయంగా తీసుకున్నట్టు లెక్కించకూడదు. ఆ నిర్ణయం వెనక యుద్ధం ఉంది, లైసెన్సు కోసం ఎదురుచూసే వ్యాపారి ఉన్నాడు, జవాబు చెప్పలేని జిల్లా అధికారి ఉన్నాడు. జపాన్ ఆ ఏడాదిని తన హక్కుకు పునాదిగా చూపడం మానుకోవాలి. వేట లైసెన్సులను పాలనకు రుజువుగా చూపడం అంతకంటే ముందు మానుకోవాలి. కొరియా కూడా తన పిల్లలకు ఈ దీవి మాది అని చెప్పే పాఠంలోనే గాంగ్చి కథ పూర్తిగా చెప్పాలి, చివరివి ఎవరి కాపలాలో పోయాయో సహా.

2007లో దక్షిణ కొరియా పర్యావరణ శాఖ, ఈ సముద్రంలోకి సీ లయన్లను తిరిగి తేవడానికి ఉత్తర కొరియా, రష్యా, చైనాలతో కలిసి పనిచేస్తామని చెప్పింది. ఆ జాబితాలో జపాన్ లేదు. ఆ పని మళ్లీ ఎవరు మొదలుపెట్టినా జపాన్‌ను పిలవాలి. పిలిస్తే జపాన్ వెళ్లాలి, దీవి పేరు ఏమని రాయాలన్న షరతు పెట్టకుండా.